ప్రయాణంలో శ్రవణ విద్య

వినడం చదవడానికి ముందు పుట్టిన విద్య. అక్షరం నేర్వని రైతు సైతం హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలు విని గుఱ్ఱం జాషువా కవిత్వాన్ని గుండెలో దాచుకొన్నాడు. ఆ పద్యాలు ఏ గ్రంథంలోనివో అతడెరుగడు. పుస్తకం కంటికి అందకముందే చెవికి అందిన నేల మనది. కావున దూర ప్రయాణంలో సంగీతం గాని, గ్రంథం గాని వినడాన్ని వట్టి కాలక్షేపమని త్రోసిపుచ్చడం ఉచితం కాదని మా అభిప్రాయం.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో ప్రయాణం మన విద్యార్థులలో పెక్కుమందికి అలవాటైన విషయమే. గుంటూరు నుండి ఒంగోలుకు వంద కిలోమీటర్లకు పైబడిన బాట. కాలాన్ని బట్టి పత్తిచేలు, మిరప కల్లాలు, యార్డుకు టిక్కీలు మోసుకుపోయే లారీలు కంటబడతాయి. ఆ రెండు మూడు గంటలూ మనం చెవికి ఏదో ఒకటి తగిలించుకొనే ఉంటాం. అయితే చేతిలోని ఫోను నిన్న మనం మెచ్చినదానివంటిదే నేడు కూడా వడ్డిస్తుంది. చెవి నిండుతుంది గాని రుచి పెరుగదు. కొత్తది దొరకాలంటే తెలిసినవారెవరో ఒకరు ఎంచి ఇవ్వాలి. ఆ ఎంపికయే కళాశాల చేయదగిన పని.

ఈ బాట ప్రక్కనే పుట్టిన సంగీతాన్ని మనలో ఎందరు విన్నారు? ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసులు. చిలకలూరిపేటకు చెందిన ఆదం సాహెబు వద్ద శిష్యరికం చేసి, పిదప తమిళదేశం వెళ్ళి తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించాయి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. దేవాలయ ప్రాంగణంలో మ్రోగే మంగళవాద్యాన్ని మన ముస్లిం కుటుంబాలు తరతరాలుగా పోషించాయన్న సత్యం ఏ ఉపన్యాసం కన్నా, ఒక గంటసేపు ఆ రాగాలాపన వింటే స్పష్టంగా బోధపడుతుంది.

తాడికొండ సమీపంలోని పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ మరొక ఉదాహరణ. నడుమ తంబురా ధరించిన కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో హాస్యం ఒకరు, రాజకీయం మరొకరు నడిపే వంతలు: ఈ బుర్రకథను ఆయన ప్రజల కళగా తీర్చి 1986లో పద్మశ్రీ పొందారు. గంటలకొద్దీ కూర్చుండబెట్టగల ఆ కథనం దూర ప్రయాణానికి ఎంతో అనువైనది. విన్నవాడికి ఆయన ఎవరో తెలుసుకోవాలనిపిస్తుంది. అప్పుడతడు ఆయన ఆత్మకథ ‘పింజారి’ని వెదుకుతాడు. ఈ చేల పత్తిని ఏకిన వృత్తివారి పేరే ఆ పుస్తకానికి పేరు. కొందరు చులకనగా పలికే మాటను ఆయన గ్రంథం అట్టమీద తలెత్తుకొని నిలిపారు. పాట నుండి పుస్తకానికి దారి ఇట్లే ఏర్పడుతుంది.

మన కళాశాలకు ఇది మరింత అవసరం. ఉర్దూ పుట కుడి నుండి, తెలుగు పుట ఎడమ నుండి మొదలవుతుంది. ఒక విభాగంవారు రెండవ విభాగం పుటలు తిప్పడం అరుదు. ఇంట ఉర్దూ మాట్లాడుతూ కూడా లిపి రానివారున్నారు. తెలుగే ఇంటి భాషగా గల ముస్లిం విద్యార్థులున్నారు. లిపి గోడవలె అడ్డు నిలుస్తుంది; చెవికి ఆ గోడ లేదు. గాలిబ్, ఇక్బాల్ కవితాపఠనం తెలుగు విద్యార్థి వినగలడు. పారశీక మహాకవి ఫిర్దౌసిపై జాషువా 1932లో వెలువరించిన ‘పిరదౌసి’ కావ్యాన్ని ఉర్దూ విద్యార్థి వినగలడు. షానామా కర్తను గూర్చి వినుకొండలో పుట్టిన కవి తెలుగు పద్యాలు రచించాడని తెలిసిన నాడు, ఆ ఇద్దరు విద్యార్థులకూ మాట్లాడుకొనడానికి ఒక విషయం దొరుకుతుంది.

ఆక్షేపణలు లేకపోలేదు. వినికిడి వల్ల పఠనాభ్యాసం నశిస్తుందని కొందరి భయం. విన్న గ్రంథం గ్రంథాలయంలో దొరకనప్పుడే ఆ ప్రమాదం. దొరికితే వినికిడి పఠనానికి వాకిలి అవుతుంది. సంగీతం పట్ల ధార్మిక కారణాలచే విముఖులైనవారిని మేము గౌరవిస్తాం. వారికి గ్రంథశ్రవణం, కవితాపఠనం ఉండనే ఉన్నాయి. ఇక ద్విచక్ర వాహనం నడుపుతూ చెవులు మూసుకొనడం ప్రాణాలతో చెలగాటం. మేము చెప్పేది బస్సులో, రైలులో కూర్చున్నవారిని గూర్చి మాత్రమే.

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపాలు మూడు. మొదటిది, ఏటేటా ఉభయ భాషా శాఖల అధ్యాపకులు కలిసి ఐదారు శ్రవ్య రచనలను, ఐదారు సంగీత కచేరీలను ఎంపిక చేయాలి. వాటికి సంబంధించిన పుస్తకాలను గ్రంథాలయంలో విడిగా ఒక అరలో ఉంచాలి. రెండవది, సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థులు తమ గ్రామాల్లోని వృద్ధ నాదస్వర విద్వాంసుల, బుర్రకథకుల, కవ్వాలీ గాయకుల కళను వారి అనుమతితో ధ్వనిముద్రణ చేసి గ్రంథాలయానికి సమర్పించేటట్లు ప్రోత్సహించాలి. ఆ వృద్ధులు గతించిన పిమ్మట ఎంత ధనం వెచ్చించినా ఆ గానం తిరిగి రాదు. మూడవది, విద్యా విహారయాత్రలో ఒక గంట శ్రవణానికి కేటాయించి, విన్నదానిని ఒక విద్యార్థి తెలుగులో, మరొకరు ఉర్దూలో వివరించే ఏర్పాటు చేయాలి.

వీటిలో ఏదీ అధిక వ్యయంతో కూడినది కాదు. చేతిలోని పరికరం చాలు. ఎంచి ఇచ్చే అధ్యాపకుడు, విని ప్రశ్నించే విద్యార్థి కావాలి. రానున్న విహారయాత్రతోనే ఈ పనికి శ్రీకారం చుట్టవలసిందిగా కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాం.