సంతకం గుండుగొలనులో.. న్యాయం బెజవాడలోనా?

గుండుగొలను నుంచి కొల్లేరు వైపు చెరువుల మీదికి చేపల ట్రేలు తోలే ఒక ట్రాలీ డ్రైవర్ భాయ్ ఈమధ్య కలిశారు. బండి ఫైనాన్స్‌లో తీసుకున్నది. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు డబ్బు పంపాడు. మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టేసి వడ్డీ పీడ వదిలించుకుందామని ఆఫీసుకెళ్లారు. ముందే క్లోజ్ చేస్తే దానికి వేరే చార్జీ ఉందన్నారు అక్కడ. 'ఎక్కడ రాసుంది?' అంటే 'నువ్వు సంతకం పెట్టిన కాగితంలోనే' అని జవాబు. ఆ కాగితమంతా ఇంగ్లిష్. ఆయనకు చదవడం వచ్చింది ఉర్దూ, కొంచెం తెలుగు. పైగా కాపీ కూడా ఆయన దగ్గర లేదు.

సంతకం పెట్టాం కదా, ఇక చేసేదేముంది అనే మాట మన ఇళ్లల్లో రోజూ వింటాం. ఫంక్షన్ హాల్ రసీదు మీద 'అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు', ఉమ్రా ప్యాకేజీ ఫారం మీద 'ఏ పరిస్థితుల్లోనూ రీఫండ్ లేదు'. అచ్చు వేసినంత మాత్రాన అది చట్టం అయిపోదు. బీకాంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం చదివినప్పుడు ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడమే సమ్మతి అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ట్రాలీ భాయ్ ఏ అర్థంలో ఒప్పుకున్నారో ఆ ఆఫీసులో ఎవరూ అడగలేదు.

సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో పయొనీర్ అర్బన్ కేసులో ఈ సంగతే తేల్చింది. గురుగ్రామ్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డర్ ఆలస్యం చేస్తే 9 శాతం. సంతకం పెట్టడం తప్ప కొనేవాడికి వేరే దారి లేనప్పుడు అలాంటి ఏకపక్ష షరతులకు అతను కట్టుబడక్కర్లేదు అని తీర్పు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఏకంగా 'అన్యాయమైన ఒప్పందం' అనే మాటకే నిర్వచనం ఇచ్చింది. మితిమీరిన డిపాజిట్, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, సరైన కారణం లేకుండా తనకు తానే ఒప్పందం రద్దు చేసుకోవడం, వినియోగదారుణ్ని ఇబ్బందిలో పడేసే అసమంజస చార్జీ.. ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి.

అప్పు ముందే తీరుస్తానంటే వద్దనడం కూడా ఆ జాబితాలో ఉంది. అయితే ఇక్కడొక మెలిక. 'వర్తించే పెనాల్టీ కడతానన్నా' ఒప్పుకోకపోతేనే అది అన్యాయం. అంటే చార్జీ వేయడాన్ని చట్టం పూర్తిగా తప్పు పట్టలేదు. అది అసమంజసం అని మనమే చూపించాలి. రిజర్వ్ బ్యాంక్ 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లోన్లకు ముందస్తు చెల్లింపు చార్జీలు చాలావరకు ఎత్తేసింది గానీ, అది మారే వడ్డీ లోన్లకే. బండి లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవి.

అసలు చిక్కు తలుపు దగ్గరుంది. షరతు చెల్లదు అని ప్రకటించే అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. ఏలూరు మనకి పాతిక కిలోమీటర్లు కూడా లేదు. రాష్ట్ర కమిషన్ ఉన్నది విజయవాడలో. రోజు కూలీ పోగొట్టుకుని, వకీలును పెట్టుకుని, కొన్ని వేల రూపాయల చార్జీ కోసం బెజవాడ ఎవరు తిరుగుతారు? కంపెనీలకు ఈ లెక్క బాగా తెలుసు. యాభై లక్షల దాకా కేసులు వినే జిల్లా కమిషన్, ఒక రసీదు మీది ఒక వాక్యాన్ని కొట్టేయలేకపోవడం ఏం న్యాయమో అర్థం కాదు. ఈ అధికారం జిల్లాలకూ ఇవ్వాలి. జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లోనే, 199వ నివేదికలో, అన్యాయ షరతుల మీద విడిగా ఒక చట్టం కావాలని చెప్పింది. అది రాలేదు.

అప్పటిదాకా ఏలూరు దారి పూర్తిగా మూసుకుపోలేదు. షరతు రద్దు అడక్కుండా, సేవలో లోపం లేదా అన్యాయ వ్యాపార పద్ధతి కింద డబ్బు వాపసు కోరవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 'వివాదాలు ముంబై కోర్టులోనే' అని రాసుకున్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసే హక్కు కొత్త చట్టంలో ఉంది. సొంతంగా నడుపుకుని బతకడానికే బండి కొన్నాడు కాబట్టి డ్రైవర్ కూడా వినియోగదారుడే. గడువు మాత్రం రెండేళ్లు.

2024 అక్టోబర్ 1 తర్వాత లోన్ తీసుకున్నవాళ్లకు ఇంకో ఆయుధం ఉంది. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇచ్చి తీరాలి. అందులో లేని చార్జీని, మనం స్పష్టంగా ఒప్పుకోకుండా, మధ్యలో వసూలు చేయకూడదు. ట్రాలీ భాయ్ లోన్ ఆ తేదీ తర్వాతదే. ఇది చెప్పాక ఆ కాగితం, అగ్రిమెంట్ కాపీ కావాలని తెలుగులో రాసి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నారు. జవాబు ఇంకా రాలేదు. 1915 హెల్ప్‌లైన్ నంబర్ ఆయన ఫోన్‌లో సేవ్ చేసి వచ్చాను.