స్థానిక మక్క విత్తన సంస్థల మనుగడపైనా బాధ్యతపైనా సర్వసభ్య సమావేశ తీర్మానం

ఉత్తర తెలంగాణలోని మక్క రైతులు, విత్తన చేలు పండించే రైతులు, చిన్న విత్తన సంస్థల యజమానులు సభ్యులుగా ఉన్న మన సమాఖ్య సర్వసభ్య సమావేశం కార్యవర్గం ప్రతిపాదించిన ఈ దిగువ తీర్మానాన్ని చర్చించి, సవరణలతో ఆమోదించింది.

మక్క హైబ్రిడ్ విత్తనం ఈ నేలకు కొత్త కాదని సమావేశం గుర్తు చేస్తున్నది. దేశంలో తొలి అఖిల భారత సమన్వయ పంట పరిశోధన పథకం 1957లో మక్క మీదే మొదలైంది. 1961లో విడుదలైన తొలి హైబ్రిడ్లలో ఒకదాని పేరే డెక్కన్. ఆ తర్వాతి తరాల్లో రాజేంద్రనగర్ నుంచి డీహెచ్‌ఎం 117, డీహెచ్‌ఎం 121, కరీంనగర్ పరిశోధన స్థానం నుంచి కరీంనగర్ మక్క వచ్చాయి. వంగడం పుట్టేది ఇక్కడ, విత్తనం పండేది ఇక్కడ, గింజ అమ్మేదీ ఇక్కడే. అయినా తొలకరికి ముందు దుకాణంలో రైతు చేతికి వచ్చే నాలుగు కిలోల సంచి మీద ఎక్కువగా కనిపించేది దూరపు కంపెనీల పేర్లే. ఎకరాకు రెండు సంచులు కావాలి. హైబ్రిడ్ పంటలోంచి గింజ దాచి మళ్ళీ విత్తితే దిగుబడి పడిపోతుంది కనుక ఏటా కొనక తప్పదు. ధర ఎంతన్నది రైతును అడిగి పెట్టేది కాదు.

ఈ పరిస్థితిలో చిన్న సంస్థ చేయగలిగిన మేలు ఒకటుంది. తన మండలంలోనే విత్తనం పండించి, ఆరబెట్టి, గ్రేడింగ్ చేసి, చుట్టుపక్కల నాలుగైదు మండలాల్లో అమ్ముతుంది. మొలక రాకపోతే ఎవరి గడప తొక్కాలో రైతుకు తెలుసు. ఇథనాల్ కర్మాగారాలు, కోళ్ల దాణా మిల్లులు మక్క కోసం పోటీ పడుతున్న ఈ రోజుల్లో ఆ మేలు మరింత విలువైనది. అయితే చిన్న సంస్థకు సొంత పరిశోధన ఉండదు. తల్లి, తండ్రి వంగడాల విత్తనం చేతికి రాకపోతే దానికి వ్యాపారమే లేదు. కనుక మొదటి తీర్మానం దాని గురించే.

ప్రభుత్వ పరిశోధన స్థానాల హైబ్రిడ్ల తల్లిదండ్రుల విత్తనాన్ని జిల్లాల్లోని చిన్న సంస్థలకూ రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ యాసంగి విత్తన చేలు వేసే సమయానికి అందించాలని ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని సమావేశం కోరుతున్నది. అదను దాటాక అందిన విత్తనం అందనట్టే. లైసెన్సు రుసుము సంస్థ అమ్మకాల స్థాయిని బట్టి ఉండాలి. వంద ఎకరాల్లో విత్తనం పండించే వారికీ, పది వేల ఎకరాల్లో పండించే వారికీ ఒకే రేటు న్యాయం కాదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణ నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్ 2010లో ఆసియా కోసం మక్క అభివృద్ధి కన్సార్షియాన్ని ప్రారంభించింది. తల్లిదండ్రుల వంగడాల కోసం అందులో విడివిడిగా చేరే స్తోమత లేని చిన్న సంస్థలు సమాఖ్య తరఫున ఒక్కటిగా చేరే వీలును కార్యవర్గం పరిశీలించాలి.

రెండవ అంశం విత్తన చేను రైతుది. దీని మీదే చర్చ ఎక్కువసేపు సాగింది.

విత్తన చేనులో నాలుగు ఆడ వరుసలకు రెండు మగ వరుసలు వేస్తారు. ఆడ వరుసల్లో మొక్క నెత్తిన మగ పూత బయటికి వచ్చీ రాగానే, పుప్పొడి రాలకముందే, పై ఆకులు చిరగకుండా లాగేయాలి. చేనంతా ఒక్కరోజే పూయదు. ఆడకూలీలు తెల్లారకముందే చేనులో దిగి సాలు సాలూ తిరగాలి, మర్నాడు మళ్ళీ మొదటి సాలు నుంచి. ఒక్క మొక్క తప్పించుకున్నా చుట్టూ ఉన్న కంకులు చెడతాయి, అలాంటివి ఎక్కువైతే తనిఖీకి వచ్చినవారు చేనునే పక్కన పెడతారు. ఇతర మక్క చేలకు 200 మీటర్ల ఎడం కూడా ఉండాలి, అంటే పక్క రైతునూ ఒప్పించుకోవాలి. పూత వేళ ఎండ ముదిరినా, మగ, ఆడ పూతల కాలం కలవకపోయినా గింజ పట్టదు. ఇంత కష్టానికీ ఇంత ప్రమాదానికీ పూచీ పడే కాగితం చాలాచోట్ల రైతు దగ్గర లేదు. ఒప్పందం కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ నోటిమాట. సంతకం పెట్టిన కాగితం ఉన్నా అది కంపెనీ దగ్గరే. ములుగు జిల్లాలో మక్క విత్తన చేలు దెబ్బతిన్న రైతులకు 2025లో పరిహారం దక్కిందంటే, రాష్ట్ర వ్యవసాయ, రైతు సంక్షేమ కమిషన్ కలుగజేసుకోవాల్సి వచ్చింది. ప్రతిసారీ కమిషన్ రాదు.

కాబట్టి సమాఖ్యలోని ప్రతి సంస్థా విత్తన చేను రైతుతో తెలుగులో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, ఒక ప్రతిని విత్తే ముందే రైతు చేతికి ఇవ్వాలని తీర్మానించడమైనది. అందులో ధర, తూకం, తేమ కోత, చెల్లింపు గడువు ఉండాలి. రైతు తప్పు లేకుండా గింజ పట్టకపోతే ఎకరాకు కనీసం ఇంత ఇస్తామన్న హామీ ఉండాలి. మగ పూత తీసే కూలి ఖర్చును సంస్థ, రైతు చెరిసగం భరించాలి. ఈ చివరి వాక్యం సంస్థల యజమానుల్లో కొందరికి రుచించలేదు. పెట్టుబడి సరిపోదని వారన్న మాటలో నిజం ఉంది, వారి అసమ్మతిని నమోదు చేశాం. మెజారిటీ ఓటుతో వాక్యం నిలిచింది.

మూడవది, కొనే రైతుకు జవాబుదారీ. నకిలీ విత్తనం పట్టుబడిన ప్రతిసారీ చిన్న కంపెనీల పేరు వినబడుతుంది. అందులో కొంత నిజమూ ఉంది. దాచుకోవడం వల్ల మనకే నష్టం. 1966 విత్తన చట్టం ప్రకారం తొలి నేరానికి జరిమానా 500 రూపాయల వరకే, నష్టపోయిన రైతుకు పరిహారం ఊసే లేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో పరిహారం అడిగే వీలుంది కానీ అది నమోదైన రకాలకే. ఆంధ్రప్రదేశ్ రైతులు విత్తనాలపై వేసిన కేసుల్లో 2012లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని, విత్తేటప్పుడు పరీక్ష కోసం కొంత గింజ దాచి ఉంచాలని రైతు నుంచి ఆశించరాదని చెప్పింది. రైతు దాచనక్కర్లేదన్నప్పుడు దాచాల్సింది అమ్మినవారే.

అందుచేత సభ్య సంస్థలు ప్రతి లాటు నుంచి సీలు వేసిన నమూనాలు రెండు తీసి, ఒకటి తమ గోదాములో, ఒకటి గ్రామ రైతు కమిటీ దగ్గర పంట కోత అయ్యేదాకా ఉంచాలి. అమ్మకానికి ముందు ప్రతి లాటునూ కమిటీ సమక్షంలో మొలకెత్తించి చూపాలి. తడిగుడ్డలో చుట్టిన గింజలకు నాలుగో రోజున తొలి లెక్క, ఏడో రోజున తుది లెక్క. 90 శాతానికి తగ్గితే ఆ లాటు సంచికెక్కదు. చేనులో మొలక దెబ్బతిని లోపం విత్తనానిదేనని తేలితే కొత్త విత్తనంతో పాటు మళ్ళీ దున్నిన ఖర్చు, విత్తిన కూలి కూడా సంస్థే చెల్లించాలి. ఇది పాటించని సంస్థ సమాఖ్య ముద్ర వాడరాదు. బిల్లు లేకుండా లూజుగా అమ్మిన సభ్యుణ్ణి విచారణ జరిపి తొలగించవచ్చు.

2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రజాభిప్రాయానికి పెట్టిన విత్తన బిల్లు ముసాయిదాపై సమావేశం అభిప్రాయం క్లుప్తంగా ఇది. కఠిన శిక్షలకు మేం అడ్డు కాదు. రకాల నమోదును తప్పనిసరి చేస్తే, అందుకు కావలసిన పరీక్షల ఖర్చు పెద్ద కంపెనీలకు లెక్కలోకి రాదు కానీ చిన్న సంస్థను మూయిస్తుంది. ప్రభుత్వ రంగ హైబ్రిడ్లను పండించి అమ్మే చిన్న సంస్థలు అదే రకానికి మళ్ళీ పరీక్ష రుసుము కట్టనక్కర్లేకుండా స్పష్టత ఇవ్వాలి. రైతుకు పరిహారం బిల్లులోనే ఉండాలి, కోర్టుల చుట్టూ తిరిగి తెచ్చుకునేదిగా కాదు.

ఈ తీర్మానాన్ని వచ్చే యాసంగి విత్తన చేల నుంచే అమలు చేయాలనీ, ఒప్పంద పత్రం నమూనాను కార్యదర్శి రైతు సభ్యుల పరిశీలన తర్వాతే ముద్రణకు పంపాలనీ, తీర్మాన ప్రతులను రాష్ట్ర వ్యవసాయ శాఖ కమిషనరుకు, వ్యవసాయ విశ్వవిద్యాలయ ఉపకులపతికి, రాష్ట్ర విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థకు, జిల్లా కలెక్టర్లకు పంపాలనీ నిర్ణయించడమైనది.