ఇంటివైద్యం: మంచం దిగనివ్వండి

మన కొల్నారవారు పెద్ద ఆపరేషనంటే రాయగడలో రైలెక్కి విశాఖపట్నం పోవడం మామూలే. అక్కడ కాలేయంలో కేన్సరు గడ్డ తీయించుకున్న మనిషిని, చుట్టూ చేరిన మనమే బెదరగొడతాము: "కదలకు, ఏమీ తినకు" అని. లంఖణం పరమౌషధమన్న మాట ఇక్కడ చెల్లదండీ.

డెన్మార్కు సర్జను హెన్రిక్ కేలెట్ 1990లలోనే ఈ పట్టింపులను కాదన్నాడు. ఆ దారిలోనే కాలేయపు ఆపరేషన్లకు 2016లో నియమాలు ఏర్పడ్డాయి; 2022లో సవరించారు. మత్తుకు రెండు గంటల ముందుదాకా తేటనీరు త్రాగవచ్చును. ముక్కులో గొట్టం అందరికీ అక్కరలేదు. ఆపరేషనైన మొదటి రోజునుంచే ఆహారం, మర్నాటికల్లా నాలుగడుగులు. పడుకునే ఉంటే కాళ్ళలో నెత్తురు గడ్డకట్టవచ్చు, రొమ్ములో కఫం చేరవచ్చు. మిగిలిన కాలేయం తిరిగి పెరగాలి; తిండి లేనిదే ఎలా పెరుగుతుంది? నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి తగ్గితేనే నడక సాగేది.

త్వరగా పంపేశారని అనుమానపడవద్దు. కాని ఊరు దూరం. జ్వరం, పచ్చకామెర్లు, పొట్ట ఉబ్బు, మాట తడబాటు కనిపిస్తే ఎవరికి ఫోను చేయాలో బయలుదేరేముందే వ్రాయించుకోండి. నొప్పి బిళ్ళలు మాత్రం దుకాణంలో అడిగి కొనకండి.