పెండ్లి ఛాయాచిత్రము - ఫోను కటకములు

పెండ్లిచూపులకు ముందే పిల్ల ఛాయాచిత్రము ఫోనులో వరుని యింటికి చేరుచున్న కాలమిది. దానిని చూచి "ముక్కు పెద్దది" యని త్రోసిపుచ్చువారును గలరు. ఆ పెద్దతనములో ఫోను పాలెంతయో సోదరీమణులు తెలిసికొనుట మంచిది.

ఫోను వెనుక కటకములు పలువిధములు. దూరపు వస్తువు రూపము కటకము వెనుక ఎంత యెడమున స్పష్టముగా నేర్పడునో ఆ కొలత నాభ్యంతరము. ఫోనులో నది కొలది మిల్లీమీటర్లే యైనను, పాత 35 మి.మీ. ఫిల్ము కెమేరాకు సరిపెట్టి చెప్పుట వాడుక. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రాలో ఈ లెక్కన 13, 24, 67, 111 మి.మీ. కటకములును, ఐఫోను 16 ప్రోలో 13, 24, 120 మి.మీ. కటకములును గలవు. అంకె చిన్నదైనకొలది ఎక్కువ మేర చిత్రములోనికి వచ్చును. ఉండవల్లి గుహలో శయనించిన అనంతపద్మనాభుని ఆపాదమస్తకము తీయవలెనన్న వెనుకకు జరుగ చోటు చాలదు గనుక 13 కావలెను. కాని ఆ కటకము వెనుకనుండు సెన్సారు చిన్నది. గుహలోని మసక వెలుతురులో చిత్రము ఇసుక చల్లినట్లుండును. ఇంద్రకీలాద్రినుండి ప్రకాశం బ్యారేజి డెబ్బది గేట్లలో నొక్కదాని నీటిదూకుడు చూపుటకు 111 తగును.

ముఖము మాట వేరు. ముక్కును పెంచునది కటకమని పలువురందురు గాని, నిజమునకు దూరమే. ముక్కుకొన చెవులకంటె నాలుగైదంగుళములు ముందుండును. ఫోను అడుగు దూరమున నున్నప్పుడు ఆ నాలుగైదంగుళములు పెద్ద భాగము, అయిదడుగులలో స్వల్పము. అమెరికాలోని రట్గర్స్ వైద్యుడు బోరిస్ పాస్ఖోవర్ మొదలగువారు 2018లో లెక్కకట్టి, అయిదడుగుల చిత్రముకంటె అడుగు దూరపు చిత్రములో ముక్కు సుమారు 30 శాతము వెడల్పుగా కనబడునని చూపిరి.

కావున పిల్లను పగటివేళ వసారాలో నిలిపి, అయిదారడుగులు వెనుకకు జరిగి, 67 వంటి కటకముతో తీయవలెను. అట్టిది లేదని క్రొత్త ఫోను కొననక్కరలేదు. అంతే దూరమునుండి 24తో తీసి అంచులు కత్తిరించినను ముఖాకృతి యదే. నునుపు మాత్రము కొంత తగ్గును. చవుక ఫోనుల వెనుక మూడు కన్నులుండినను, రెండు తరచుగా 2 మెగాపిక్సెళ్ల అలంకారములే. కన్నులు లెక్కించి కొనువారు, ముఖ్యముగా మగవారు, ఇది గమనింతురు గాక.

ఇంకొక చిన్న పరీక్ష. రాత్రి దీపపు వెలుతురులో మూడురెట్లు నొక్కి, ప్రధాన కటకమును వ్రేలితో మూయుడు. తెర చీకటియైనచో, ఫోను మీకు చెప్పకయే ప్రధాన కటకపు చిత్రమును సాగదీసి చూపుచున్నదన్నమాట.

వరులు పంపు చిత్రములు పెక్కులు కారులో కూర్చుండి చేతినిడివిలో తీసికొన్నవి. వారి ముక్కులను గూర్చి మన పెద్దలెవ్వరును ఇంతవరకు ప్రస్తావించినట్లు లేదు.