ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క దారి

పెళ్లి విందులో చుట్టపక్కాలందరూ ఒకచోట చేరినప్పుడు, పలకరింపుల తరువాత మాట పిల్లల చదువులవైపు మళ్లుతుంది. “మీ పెద్దమ్మాయి ఏం చదువుతోంది? మీవాడు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నాడు?” అంటూ వరుసగా సాగిన ప్రశ్న ఒక తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆగుతుంది. ఆమె దుపట్టా సవరించుకుని, “మావాడికి చదువు ఎక్కలేదు. బైకుల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు” అని మెల్లగా అంటుంది. ఆపైన ఎవరో ఒకరు వంటల సంగతి ఎత్తి మాట మార్చేస్తారు. ఆ తల్లి మాత్రం ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్నను మోస్తూనే ఉంటుంది.

ఇటువంటి ఇల్లు మన వీధిలో ఒకటైనా ఉంటుంది. ‘చదువు ఎక్కలేదు’ అన్న రెండు మాటలను మనం ఎంతో తేలికగా అనేస్తాం. నిజానికి అది ఒక తీర్పు. పదిహేనేళ్లు నిండకముందే ఒక బిడ్డ మీద మనం వేసే ముద్ర. ఆ ముద్ర పడిన పిల్లవాడు మొదట బడికి, తరువాత పుస్తకానికి, చివరకు తన మీద తన నమ్మకానికి దూరమవుతాడు.

ఈ కష్టం ఒకటి రెండు కుటుంబాలది కాదు. 2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక, 6 నుండి 14 ఏళ్ల వయసున్న ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చి చెప్పింది. ఆనాటి ఆ పిల్లలలో చాలామంది నేడు తల్లిదండ్రులు. తమకు అందని చదువు తమ పిల్లలకైనా అందాలన్న ఆరాటం వారిలో ఉంది. బిడ్డ తడబడినప్పుడు ఏం చేయాలో చెప్పేవారే లేరు.

పిల్లవాడు తొమ్మిదో తరగతిలో వెనుకబడగానే సాధారణంగా మనం రెండు పనులు చేస్తాం. అయితే తిట్టి, కొట్టి అదే బడికి, అదే బెంచీకి, అదనంగా ఒక ట్యూషన్‌కు పంపుతాం. లేదా విసిగిపోయి ఏదో ఒక పనిలో పెట్టేస్తాం. ఈ రెండింటికీ నడుమ మూడో దారి లేదా? ఆ దారిని వెతికిన ఒక బడి గురించి ఈ నెల తెలుసుకుందాం.

అమెరికాలోని అతి చిన్న రాష్ట్రం రోడ్ ఐలాండ్. దాని రాజధాని ప్రావిడెన్స్ నగరంలో 1996లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల మొదలైంది. దాని పూర్తి పేరు మెట్రోపాలిటన్ రీజనల్ కెరీర్ అండ్ టెక్నికల్ సెంటర్. అందరూ ‘మెట్’ అని పిలుస్తారు. డెనిస్ లిట్కీ, ఎలియట్ వాషర్ అనే ఇద్దరు విద్యావేత్తలు దీనికి రూపకల్పన చేశారు. మామూలు బడిలో ఇమడలేని పిల్లలు, ఇంట్లో అంతకుముందు ఎవరూ కళాశాల మెట్లెక్కని పిల్లలు అక్కడ ఎక్కువగా చేరారు. వారిని తరగతులుగా కాక, ఒక్కొక్కరినీ ఒక్కొక్క మనిషిగా చూడాలన్నదే ఆ బడి మూలసూత్రం.

అక్కడ సుమారు పదిహేనుమంది పిల్లలకు ఒక మార్గదర్శి ఉపాధ్యాయుడు ఉంటాడు. గంటకొకరు వచ్చి పాఠం చెప్పి వెళ్లిపోవడం కాకుండా, అదే ఉపాధ్యాయుడు ఏళ్ల తరబడి ఆ పిల్లలతోనే సాగుతాడు. వారి ఇల్లు, వారి భయాలు, వారి ఇష్టాలు ఆయనకు తెలిసి ఉంటాయి. ప్రతి బిడ్డకూ విడిగా ఒక అభ్యాస ప్రణాళిక రాస్తారు. ఆ ప్రణాళిక రాసేటప్పుడు బిడ్డతో పాటు తల్లిదండ్రులు కూడా కూర్చుంటారు. ఫిర్యాదు వినడానికి మాత్రమే బడి గడప తొక్కే తల్లిదండ్రులకు ఇది ఎంత పెద్ద మార్పో ఊహించండి.

వారంలో రెండు రోజులు పిల్లలు బడిలో ఉండరు. తమకు ఆసక్తి ఉన్న వృత్తిలో పనిచేసే ఒక పెద్దమనిషి దగ్గర శిక్షణలో ఉంటారు. అది ఆసుపత్రి కావచ్చు, కార్ల మరమ్మతు కేంద్రం కావచ్చు, న్యాయవాది కార్యాలయం కావచ్చు. అక్కడ ఎదురైన పని నుండే గణితం, విజ్ఞానశాస్త్రం, భాష పాఠాలు పుడతాయి. కొన్ని నెలలకొకసారి ప్రతి విద్యార్థీ తాను నేర్చుకున్నది తల్లిదండ్రుల ఎదుట, ఉపాధ్యాయుల ఎదుట, తోటి పిల్లల ఎదుట నిలబడి వివరించాలి. అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మార్కుల అంకెకు బదులు, అతడు ఎక్కడ ఎదిగాడో, ఎక్కడ ఇంకా శ్రమించాలో ఉపాధ్యాయుడు వివరంగా రాసి ఇస్తాడు.

ఇదంతా ధనిక దేశపు సంగతి అని పుట తిప్పకండి. ఇందులోని అసలు కిటుకు డబ్బులో లేదు, పనికీ పుస్తకానికీ ముడివేయడంలో ఉంది. దీనిని మన షెడ్డు దగ్గరే చూద్దాం.

మన ఊళ్లలో విరివిగా తిరిగే నూరు సీసీ బండిని తీసుకోండి. అటువంటి ఒక ఇంజను సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. స్తూపపు ఘనపరిమాణం కనుక్కునే సూత్రం ప్రకారం లెక్కకడితే సుమారు 97.2 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ‘సీసీ’ అంటే అదే! బడిలో నల్లబల్ల మీద తలకెక్కని లెక్క, తన చేతిలో నూనె అంటిన సిలిండర్‌తో చూసినప్పుడు ఆ కుర్రవానికి అర్థమవుతుంది. 12 వోల్టుల బండిలో 35 వాట్ల దీపం దాదాపు 3 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుందని భాగహారం చేసి చెప్పగలిగిననాడు, ఫ్యూజు ఎందుకు మాడిపోతోందో అతడికి తెలుస్తుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలోని విద్యుత్తు పాఠం అదే కదా. విడిభాగాల బిల్లులో శాతాలు ఉన్నాయి. కంపెనీ ఇచ్చే మరమ్మతు పుస్తకంలో ఆంగ్లం ఉంది.

కుట్టుమిషను దగ్గర కూర్చున్న అమ్మాయి విషయమూ అంతే. కొలత తీసి, గుడ్డ మీద గీత గీసి, వృథా కాకుండా కత్తిరించడం రేఖాగణితం. గుడ్డ ఖరీదు, దారం, విద్యుత్తు, తన శ్రమ కలిపి ధర కట్టడం వ్యాపార గణితం. మన పిల్లలకు చదువు ఎక్కలేదనడం పొరపాటు. వారి చేతుల్లో ఉన్న చదువును మనం గుర్తించలేదు.

అయితే ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. ‘పని ద్వారా చదువు’ అన్న మంచి మాటను అడ్డం పెట్టుకుని పిల్లలను కూలికి పెట్టడం చాలా సులభం. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఆ షెడ్డులో బిడ్డ గడిపే గంటలు ఎవరి కోసం? శిక్షణలో ఉన్నవాడికి నిన్న తెలియనిది ఈ రోజు తెలియాలి. పనిలో పెట్టినవాడు ఏడాది గడిచినా పానాలు అందిస్తూ, చాయ్ తెస్తూ ఉంటాడు. పైగా ప్రతి శనివారం అతడు తెచ్చే ఆ కొద్దిపాటి డబ్బుకు ఇల్లు అలవాటు పడిన తరువాత, తిరిగి చదువుకు పంపే ధైర్యం ఎవరికీ ఉండదు.

చట్టం కూడా ఈ గీతను స్పష్టంగానే గీసింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. బడి వేళలు ముగిశాక సొంత కుటుంబపు పనిలో, అదీ ప్రమాదకరం కాని పనిలో సాయపడటం వంటి స్వల్ప మినహాయింపులే ఉన్నాయి. 14 నుండి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. కనుక పదకొండేళ్ల బిడ్డ విషయంలో మూడో దారి గురించిన చర్చే అనవసరం. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇప్పించాలి.

అది సాధ్యమేనని మన గడ్డ మీదే రుజువైంది. 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పొలాల్లోనూ, ఇళ్లలోనూ పనిచేస్తున్న పిల్లలను శిబిరాలలో చేర్చుకుంది. కొన్ని నెలలపాటు చదివించి, వారి వయసుకు తగిన తరగతిలోకి పంపింది. ఆ కృషికి 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బిడ్డ ఉండవలసిన చోటు పగటి బడే, పని పక్కన రాత్రి చదువు సరిపోదన్నది వారి పట్టుదల. మెట్ బడి దారికి ఇది భిన్నంగా కనిపించవచ్చు. కానీ రెండూ ఒకే పునాది మీద నిలిచాయి: నేర్చుకోలేని బిడ్డ లేడు. చిన్న పిల్లలకు మొదటిదే సరైన మార్గం. బడిలో ఎన్నో దెబ్బలు తిని పదిహేనో ఏట బయటకు వచ్చేసిన కుర్రవానికి, ఆ బడి తలుపు తట్టినా ఫలితం లేనప్పుడు, రెండోది ఉపయోగపడుతుంది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. పద్నాలుగేళ్లకే ‘వీడు మెకానిక్, ఈమె దర్జీ’ అని నిర్ణయించడం మార్గదర్శనం కాదు. పేదవాని బిడ్డకు సుత్తి, ఉన్నవాని బిడ్డకు పుస్తకం అన్న పాత పంపకాన్నే అది కొత్త పేరుతో కొనసాగిస్తుంది. మెట్‌లో పిల్లలు తమ శిక్షణ స్థలాన్ని మార్చుకోవచ్చు. కళాశాల దారి వారికి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నేడు బండి విప్పుతున్నవాడు రేపు ఇంజనీరు కావాలనుకుంటే, ఆ తలుపు మూసుకుపోకూడదు. ఆ తలుపుకు తాళంచెవి పదో తరగతి సర్టిఫికెట్. ఐటీఐలో వెల్డర్ వంటి కొన్ని కోర్సులలో ఎనిమిదో తరగతితో చేరవచ్చు గాని, ఎలక్ట్రీషియన్ కోర్సుకు పదో తరగతి ఉత్తీర్ణత కావాలి.

ఆ సర్టిఫికెట్ సంపాదించే మార్గం మన దగ్గర ఉంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో, అంటే ఎన్‌ఐఓఎస్‌లో, 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. ఒకసారి నమోదైతే అయిదేళ్ల వ్యవధి, తొమ్మిది పరీక్షా అవకాశాలు ఉంటాయి. అన్ని పరీక్షలూ ఒకేసారి రాయనక్కరలేదు. సిద్ధమైన సబ్జెక్టు ముందు రాయవచ్చు. ఉత్తీర్ణమైనది నిలిచి ఉంటుంది. తెలుగులోనూ, ఉర్దూలోనూ చదవవచ్చు. తెలంగాణకూ, ఆంధ్రప్రదేశ్‌కూ విడిగా సార్వత్రిక పాఠశాలలు ఉన్నాయి. ఒక్కొక్క బిడ్డ వేగాన్ని బట్టి నడిచే చదువు అంటే ఇదే.

మరి లోపం ఎక్కడ? సార్వత్రిక విద్య పుస్తకం ఇస్తుంది, పరీక్ష పెడుతుంది. ఆ బిడ్డను ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండే మనిషిని మాత్రం ఇవ్వలేదు. ఫీజు కట్టి, పుస్తకాలు అటక మీద పెట్టి, పరీక్షకు వెళ్లని పిల్లలు అందుకే కనిపిస్తారు. మెట్ బడికి ప్రాణం ఆ మార్గదర్శి ఉపాధ్యాయుడే. ఆ మనిషిని సమకూర్చడం సమాజం చేయగలిగిన పని.

ప్రతి బస్తీలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉంటారు. డిగ్రీ చదివి ఇంటి పట్టున ఉన్న ఒక ఆపా ఉంటుంది. మసీదు కమిటీ చేతిలో పగలంతా ఖాళీగా ఉండే ఒక గది ఉంటుంది. పది పన్నెండు మంది పిల్లలు, ఒక పెద్ద, ఒక గది. ఆరంభానికి ఇంతకు మించి అక్కరలేదు. మొదటి నెల పాఠం చెప్పకండి. బిడ్డ చెప్పేది వినండి. ఏ పని అతడికి ఇష్టం, ఏ తరగతిలో తడబడ్డాడు, దేనికి భయపడుతున్నాడు అన్నవి రాసుకోండి. తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఆరు నెలల ప్రణాళిక ఒక కాగితం మీద రాయండి. వారానికి రెండు రోజులు పని నేర్పే ఉస్తాద్ దగ్గర, మిగిలిన రోజులు చదువు. ఉస్తాద్‌తో ముందే ఒప్పందం చేసుకోండి: ఈ నెల ఏమి నేర్పుతారు, ఏ పని చేయించరు అన్నది స్పష్టంగా ఉండాలి. మార్గదర్శి పదిహేను రోజులకొకసారి షెడ్డుకు వెళ్లి కళ్లారా చూడాలి. మూడు నెలలకొకసారి పిల్లలు తాము నేర్చుకున్నది పెద్దల ఎదుట నిలబడి చెప్పాలి.

అమ్మాయిల విషయంలో మరింత శ్రద్ధ కావాలి. బడి మానేసిన కుర్రవాడు వీధిలో కనిపిస్తాడు కనుక అందరూ విచారిస్తారు. బడి మానేసిన అమ్మాయి ఇంట్లో ఉంటుంది కనుక ఎవరికీ కనిపించదు. కుట్టు, మెహందీ మాత్రమే ఆమె ఆసక్తులని ముందే అనుకోకండి. మందుల దుకాణం, కంప్యూటర్, దంత వైద్యురాలి క్లినిక్, లెక్కల పుస్తకం — ఆమెను అడిగి చూడండి.

సోదర సోదరీమణులారా! పిల్లలు మన దగ్గర ఉన్న అమానతు అని తరచూ చెప్పుకుంటాం. బాగా చదివే బిడ్డే కాదు, తడబడిన బిడ్డ కూడా అమానతే. తదుపరి విందులో ఎవరైనా తల్లి “మావాడు షెడ్డులో ఉన్నాడు” అని తల వంచుకుంటే మాట మార్చకండి. “ఎంత బాగుంది! ఏ ఉస్తాద్ దగ్గర? ఏమేం నేర్చుకున్నాడు? పదో తరగతి పరీక్షకు పేరు రాయించారా?” అని అడగండి. లేదంటే, మర్నాడు ఆ బిడ్డతో కలిసి నమోదు కేంద్రానికి వెళ్లే మనిషి మీరే కండి.