మా ఇంటి పాటల పెట్టెకి సపోర్ట్ ఎవరు?

సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ ఎన్ని రకాలు అని అడిగితే మన సీఎస్ఈ వాళ్ళు నిద్రలో లేపినా చెప్తారు. కరెక్టివ్, అడాప్టివ్, పర్ఫెక్టివ్, ప్రివెంటివ్. నేను కూడా మిడ్‌లో రాశాను, మార్కులు పడ్డాయి, మర్చిపోయాను. తర్వాత సంక్రాంతి సెలవులకి కుసుమంచి వెళ్తే ఆ నాలుగూ మా ఇంట్లో ఒకే పెట్టెలో నా కోసం ఎదురుచూస్తున్నాయి.

మా బాబాయి 2012లో ఒక పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ని పాటల సర్వర్‌గా మార్చాడు. 1 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, ఉబుంటు 12.04. దాని నుంచి ఒక వైరు హాల్లో ఉన్న పాత ఆంప్లిఫయర్‌కి వెళ్తుంది. ఇంట్లో ఉన్న 140 క్యాసెట్లనీ అందులోకి ఎక్కించాడు. క్యాసెట్‌కి కాపీ పేస్ట్ ఉండదు. గంట క్యాసెట్ ఎక్కాలంటే గంట పాడాల్సిందే. అంటే 140 గంటల పని. ఎమ్‌పీ3లో 128 కేబీపీఎస్ లెక్కన అదంతా కలిపితే 8 జీబీ. మనం ఒక్క గేమ్ అప్‌డేట్‌కి డౌన్‌లోడ్ చేసేంత.

ఆ 140లో రెండు క్యాసెట్లు మా తాతయ్యవి. రామాలయంలో ఆయన పాడిన తత్వాలు. తాతయ్య 2009లో పోయారు. క్యాసెట్లు 2016లో ఇంటికి రంగులు వేసినప్పుడు పాత సామాన్ల బండిలో పోయాయి. "కంప్యూటర్‌లో ఉన్నయి కదా" అనుకున్నారు అందరూ. బాబాయి ఖతర్ వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆ పెట్టెని ఆన్ చేయడం తప్ప దాని గురించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

దసరాకి వెళ్ళినప్పుడే నానమ్మ చెప్పింది. "పెట్టె టిక్కు టిక్కుమంటందిరా, ఓసారి చూడు" అని. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక చూస్తాలే అన్నాను. సంక్రాంతికి వెళ్ళేసరికి పాట మధ్యలో ఆగిపోతోంది. ఖమ్మంలో ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్తే, అతను మూత కూడా తీయకుండా "దీనికి సపోర్ట్ లేదు తమ్మీ, కొత్తది తీస్కో" అన్నాడు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట గురించే. సపోర్ట్ లేదు అంటే ఏంటి? ఉబుంటు 12.04కి సపోర్ట్ 2017 ఏప్రిల్‌లో ముగిసింది. ఆ రోజు మా ఇంట్లో ఏమీ ఆగలేదు. మర్నాడు పొద్దున కూడా నానమ్మ పాటలు వచ్చాయి. సపోర్ట్ ముగియడం అంటే ఇకపైన తప్పులు మేం సరిచేయం అని తయారుచేసినవాళ్ళు చెప్పడం, అంతే. వస్తువు పనికిరాదు అని కాదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే మనం ఇంజనీర్లం కాదు, ఒట్టి కస్టమర్లం.

బాబాయి వేసిన సర్వర్ సాఫ్ట్‌వేర్ కథే దీనికి మంచి ఉదాహరణ. 2001లో స్లిమ్ డివైసెస్ అనే చిన్న అమెరికన్ కంపెనీ నెట్‌వర్క్ మీద పాటలు పాడే ఒక డబ్బా తెచ్చింది. దానికి పాటలు పంపే సర్వర్ ప్రోగ్రామ్‌ని పెర్ల్‌లో రాసి, కోడ్ ఓపెన్‌గా ఉంచింది. 2006లో ఆ కంపెనీని లాజిటెక్ కొనుక్కుంది. 2012లో ఆ స్క్వీజ్‌బాక్స్ డబ్బాలు ఆపేసింది. సరిగ్గా బాబాయి మా ఇంట్లో సర్వర్ పెట్టిన ఏడాదే! 2024లో వాటికి సంబంధించిన ఆన్‌లైన్ సర్వీస్ కూడా మూసేసింది. ఇంకా అయిపోయినట్టే కదా? అవ్వలేదు. కోడ్ అందరి చేతుల్లో ఉంది కాబట్టి వాడేవాళ్ళే దాన్ని నడుపుతున్నారు. ఇప్పుడు దాని పేరు లిరియన్ మ్యూజిక్ సర్వర్. డబ్బా లేకపోయినా రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద కూడా పాడుతుంది.

ఇక మా పెట్టె దగ్గరికి వద్దాం. మూత తీస్తే ఫ్యాన్ మీద దుమ్ము దుప్పటిలా ఉంది. సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోంది. అది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ, వాచీల షాపులో దొరికింది. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బాయి, కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ మొత్తం మార్చేశాను. ఇవన్నీ తేలిక. అసలు భయం హార్డ్ డిస్క్. స్మార్ట్ రిపోర్ట్ తీస్తే చదవలేకపోతున్న సెక్టార్లు కనిపించాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఫోల్డర్ పట్టుకుని కాపీ కొట్టడం. పాడైన చోట డిస్క్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి ఇంకా దెబ్బతింటుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ అలా చేయదు. ముందు బాగున్న భాగాలన్నీ తీసేసుకుంటుంది, ఎక్కడెక్కడ ఆగిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, చివర్లో ఆ కష్టమైన చోట్లకి తిరిగి వెళ్తుంది. రాత్రంతా నడిచింది. పొద్దునకి దాదాపు అంతా వచ్చింది. రానిది చాలా చిన్న ముక్క. అందులో 96 కేబీ తాతయ్య ఫైల్‌లో పడింది. 128 కేబీపీఎస్ అంటే సెకనుకి 16 కేబీ. లెక్కేస్తే 6 సెకన్లు.

నేను చెప్పకముందే నానమ్మ పట్టేసింది. "ఈడ ఒక మాట ఎగిరిపోయింది" అంది, అంతే. తిట్టలేదు. కానీ దసరాకే మూత తీసి ఉంటే ఆ 6 సెకన్లు ఉండేవేమో. ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటే ఏంటో నాకు ఆ రోజు అర్థమైంది.

పెన్‌డ్రైవ్‌లో వేసి స్పీకర్‌కి పెడితే సరిపోదా అని నా రూమ్మేట్ అడిగాడు. ఫైల్స్ కాపాడటానికి సరిపోతుంది, ఇప్పుడు ఒక కాపీ అలాగే ఉంది కూడా. కానీ ఆ సర్వర్‌లో ఫైల్స్ ఒక్కటే లేవు. నానమ్మ పొద్దున వినే వరస ఉంది. ఏ క్యాసెట్ ఎవరిచ్చారో బాబాయి రాసిన కామెంట్లు ఉన్నాయి. పాటల పేర్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో తెగిపోయి ఉంటే ఎందుకా అని చూశాను. పాత ఐడీ3 ట్యాగ్‌లో పేరుకి 30 బైట్లే చోటు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు తింటుంది. అంటే గుణింతాలూ ఒత్తులూ కలిపి పది. మన పాట పేరు పట్టేదా? కొత్త ట్యాగుల్లో ఆ ఇబ్బంది లేదు, అందుకే ఇప్పుడు ఒక్కొక్కటీ తెలుగులోకి మారుస్తున్నాను. సిలబస్ భాషలో పర్ఫెక్టివ్ అనుకోండి.

పాతదాన్ని అలాగే పట్టుకు వేలాడమని నేను అనట్లేదు. సపోర్ట్ లేని సిస్టమ్‌ని ఇంటర్నెట్‌కి వదిలేయడం ప్రమాదమే. 2017 మేలో వన్నాక్రై ఎక్కువగా పట్టుకుంది అప్‌డేట్ చేయని కంప్యూటర్లనే. అందుకే కొత్త డిస్క్‌లో ఇప్పటి లైనక్స్ వేసి, సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాను. పాత వెర్షన్ కొత్త పెర్ల్‌తో స్టార్టే అవ్వలేదు, రెండు రోజులు పోయాయి. రౌటర్‌లో బయటి దారి మూసేశాను. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట అనే రూల్ పాటిస్తున్నాను. బయటి కాపీ నా హాస్టల్ అల్మారాలో ఉంది. అంటే నేను కాపాడాలనుకుంటున్నది ఆ ఇనప డబ్బాని కాదు. రేపు మదర్‌బోర్డు పోతే పోనీ, పాటలు ఇంకో బోర్డు మీదకి ఎక్కుతాయి.

మా ఊళ్ళో కాకతీయుల నాటి గణపేశ్వరాలయం ఉంది. కాకతీయుల సపోర్ట్ 1323లో ముగిసింది. గుడి ఇంకా ఉంది, ఎందుకంటే ఊడ్చేవాళ్ళు, మొక్కలు పీకేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వచ్చారు.

మన ప్రాజెక్టులు చూడండి. ప్రతి సెమ్‌కీ కొత్త యాప్, డెమో అవ్వగానే రిపాజిటరీ వైపు చూసే దిక్కుండదు. పోయినేడాది సీనియర్లు చేసినదాన్ని ఈ ఏడాది కూడా నడిపిస్తాం అని ఏ టీమ్ అయినా అంటే, కొత్తదనం లేదని మార్కులు తగ్గుతాయి. ఉద్యోగంలో చేరాక మనం ఎక్కువగా చేసేది వేరేవాళ్ళు రాసిన పాత కోడ్‌ని నిలబెట్టడమే అని సీనియర్లే చెప్తున్నారు. ఒక్క మినీ ప్రాజెక్ట్ అయినా పాతదాన్ని బతికించడానికి ఇస్తే బాగుంటుంది. మన డిపార్ట్‌మెంట్‌ని నేను అడుగుతున్నది ఇదే.

మిమ్మల్ని అడుగుతున్నది ఇంకా చిన్నది. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు బీరువా మీద ఉన్న ఆ పాత సీపీయూ, ఆ మెమరీ కార్డ్ ఒకసారి చూడండి. టిక్కుమనకముందే.

నేను వచ్చేముందు ఒక 40 పేజీల నోట్‌బుక్‌లో అంతా తెలుగులో రాసి పెట్టెకి దారంతో కట్టాను. ఎలా ఆన్ చేయాలి, కరెంట్ పోయి వస్తే ఏం చేయాలి, కాపీ ఎలా తీయాలి, పాస్‌వర్డ్ ఎవరిని అడగాలి. తొమ్మిదో తరగతి చదివే మా చెల్లి అది చూసి నా సాయం లేకుండా ఒకసారి బ్యాకప్ తీసింది. నా స్పెల్లింగ్‌లో 11 తప్పులు కూడా పట్టింది. మా పెట్టెకి ఇప్పుడు సపోర్ట్ ఉంది.