అందరికీ కనపడని ధర

"ఈ కాలం పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు. నాలుగు యాప్‌లలో రేటు చూసుకునిగానీ కొనరు. వాళ్లను బుట్టలో వెయ్యడం ఎవరి తరమూ కాదు." వ్యాపార సదస్సుల్లో, ఎంబీఏ తరగతుల్లో, కొత్తగా దుకాణం పెట్టే కుర్రాడికి సలహా చెప్పే పెద్దల నోట ఈ మాట పదేపదే వినపడుతోంది. దాని వెనకే రెండో మాటా వస్తుంది. కుర్రకారంతా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు కాబట్టి సరుకూ అక్కడికే పోవాలి, రీల్స్ చేయించాలి, కూపన్ కోడ్ ఇవ్వాలి, ఆఫర్‌కు గడువు పెట్టాలి. ఇందులో తప్పేముంది? ఆషాఢం తగ్గింపులు మనకు కొత్తా?

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పాత బజారుకూ ఈ కొత్త బజారుకూ మధ్య ఉన్న అసలు తేడాను ఈ వాదన కప్పేస్తుంది. పాత బజారులో ధర, తగ్గింపు, అమ్మేవాడి అవసరం నలుగురి ముందూ ఉండేవి. ఇప్పుడవి ఒక్కొక్కరి ఫోన్‌లో ఒక్కో రకంగా, పక్కవాడికి తెలియకుండా ఉంటున్నాయి. కుర్రాళ్లకు ఆన్‌లైన్‌లో అమ్మడం నేరమని నేననను. చాటున అమ్మడం మాత్రం అన్యాయమంటాను.

ఆషాఢం సంగతే తీసుకుందాం. ఆ నెలలో పెళ్లి ముహూర్తాలుండవు, పెళ్లి బట్టల బేరాలూ ఉండవు. శ్రావణానికి కొత్త సరుకు దింపాలంటే పాత స్టాకు ఖాళీ కావాలి. అందుకే తగ్గింపు. కారణం అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. 'యాభై శాతం తగ్గింపు' అన్న బ్యానరు రోడ్డు మీదే కడతారు. కారులో వచ్చినావిడకూ సిటీ బస్సు దిగి వచ్చినావిడకూ అదే బ్యానరు. చీర కొని ఇంటికొస్తే పక్కింటావిడ అంచు పట్టుకు చూసి, "ఈ రేటు ఎక్కువే వదినా, ఆ మూల షాపులో ఇంకో వంద తక్కువకే ఇస్తున్నారు" అనగలదు. ఆ మాట బజారంతా పాకుతుందని దుకాణదారుకు భయం ఉండేది. మీకు నిన్న జీతం పడిందో లేదో, ఆ చీరను మీరు రాత్రి ఎన్నిసార్లు తలుచుకున్నారో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి తెలిసే దారి లేదు. ఆయనకు తెలియకపోవడమే కొనేవాళ్లకు రక్షణ.

ఇప్పుడు మా అక్క కొడుకు ఫోన్ చూడండి. ఇంజనీరింగ్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటాడు. ఇయర్‌బడ్స్ కోసం ఒక యాప్‌లో వెతికాడు. ఎమ్మార్పీ 4,990 అని, దాని మీద అడ్డగీత, పక్కన ఆకుపచ్చ అంకెల్లో 1,099. ఆ 4,990కి ఆ వస్తువు అమ్ముడవడం నేనైతే ఏ దుకాణంలోనూ చూడలేదు. కొట్టేసి చూపించడానికే ఆ అంకె పుట్టింది. కింద 'మీ కోసమే' అని ఒక కూపన్, దాని పక్కన పది నిమిషాల టైమర్. వాడి గదిలో ఉండే అబ్బాయి తన ఫోన్‌లో అదే వస్తువు తీస్తే కూపన్ విలువ వేరు. టైమర్ సున్నాకొచ్చాక యాప్ మూసి తెరిస్తే మళ్లీ పది నిమిషాల నుంచి మొదలు. డబ్బు కట్టబోయేసరికి హ్యాండ్లింగ్ ఛార్జి అని కొంత, క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఇంకొంత. చివర్న 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' అన్న బటన్ పెద్దదిగా ఉంది, మొత్తం ఇప్పుడే కట్టేసే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. వీడు కోడింగ్ పోటీల్లో ముందుండే పిల్లాడు. తెలివికి లోటు లేదు. అయినా రాత్రి పదకొండున్నరకు, పరీక్షల మధ్య, అలిసిపోయి, ఒక్కడే ఆ తెర ముందు కూర్చున్నప్పుడు వాడి చేత ఒక బటన్ నొక్కించడానికి అవతల జీతాలు తీసుకుంటున్న బృందాలున్నాయి. బటన్ ఏ రంగులో ఉంటే ఎక్కువమంది నొక్కుతారో జనం మీదే పరీక్షించి తేల్చుకున్న లెక్కలు వాళ్ల దగ్గరున్నాయి. ఇవన్నీ పనిచేసేది వాడి తెలివి మీద కాదు, వాడి అలసట మీద, ఒంటరితనం మీద.

తెలివైనవాళ్లు మోసపోరన్న మాటను మన ప్రభుత్వమే నమ్మలేదు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు తెచ్చి 13 రకాల మాయలను పేరుపేరునా నిషేధించింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, అసలు ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం, వద్దన్నవాడిని సిగ్గుపడేలా చెయ్యడం, చేరడం తేలిక చేసి బయటపడటం కష్టం చెయ్యడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఏడాదిన్నరకు, 2025 జూన్‌లో, ఈ-కామర్స్ కంపెనీలు మూడు నెలల్లో తమ యాప్‌లను తామే తనిఖీ చేసుకోవాలని అదే సంస్థ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మాయలు ఆగి ఉంటే ఈ రెండో మాట అవసరమయ్యేది కాదు.

ఇంకో సంగతి. 2017 సెప్టెంబర్‌లో గూగుల్ తేజ్ పేరుతో ఇవాళ్టి గూగుల్ పే మన దేశంలోకి వచ్చినప్పుడు జనాన్ని స్క్రాచ్ కార్డులతో అలవాటు చేసింది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి, ఖాయంగా వచ్చే బహుమతికంటే గట్టిగా పట్టి ఉంచుతుందని స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పోయిన శతాబ్దంలోనే పావురాల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. ఇవాళ్టి చక్రం తిప్పడాలు, మిస్టరీ కూపన్లు, 'రోజూ వచ్చి నాణేలు పోగెయ్యండి' అనే ఆటలు అన్నీ ఆ తానులో ముక్కలే. అదే 2017లో ఆస్ట్రేలియాలో ఫేస్‌బుక్ అంతర్గత పత్రం ఒకటి పత్రికకెక్కింది. టీనేజి పిల్లలు ఎప్పుడు దిగులుగా ఉన్నారో, తాము దేనికీ పనికిరామని ఎప్పుడు అనుకుంటున్నారో తాము పసిగట్టగలమని అందులో ఉంది. మనసు స్థితిని బట్టి ప్రకటనలు గురిపెట్టే సాధనాలు తాము ఎవరికీ ఇవ్వడం లేదని కంపెనీ అప్పుడు వివరణ ఇచ్చింది. ఆ వివరణను ఉన్నదున్నట్టు ఒప్పుకున్నా, పసిగట్టగలమన్న మాట మిగిలే ఉంది. మనిషి ఏ క్షణంలో బలహీనంగా ఉంటాడో తెలిసిన అమ్మకందారుతో పదిహేడేళ్ల పిల్ల సమానంగా బేరమాడుతోందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తెలివి వాదనకు గట్టి జవాబు మన తెలుగు నేల మీదే దొరికింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా ఏళ్ల తరబడి తెలుగు యూట్యూబర్లు, ఇన్‌స్టా తారలు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేస్తూనే వచ్చారు. వంట వీడియో, బైక్ వీడియో, గృహప్రవేశం వీడియో నడుస్తుండగా మధ్యలో ఒక ముక్క: నేను ఆడుతున్నా, మీరూ ట్రై చెయ్యండి, లింక్ బయోలో ఉంది, మొదటి డిపాజిట్‌కు బోనస్ కూడా. కొందరు మంచం మీద నోట్ల కట్టలు పరిచి చూపించారు. చూసేవాడికి అది ప్రకటన అనిపించదు, మన ఊరి అన్న ఒకడు బాగుపడి దారి చెబుతున్నట్టుంటుంది. అప్పుల పాలైనవాళ్లలో చదువుకున్న కుర్రాళ్లు, నెల జీతం తెచ్చుకునేవాళ్లు ఎందరో. అప్పటి ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ సోషల్ మీడియాలోనే దీని మీద గట్టిగా గొంతెత్తారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ల మీద కేసులు నమోదయ్యాయి. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఎన్నో ఇళ్లల్లో అప్పటికే చేతులు కాలాయి.

మేం అమ్మేది ఫేస్‌క్రీమ్, బెట్టింగ్ కాదు కదా అని మార్కెటింగ్‌వాళ్లు అంటారు. సరుకు వేరు, నిజమే. పద్ధతి ఒక్కటే. తనలాంటి మనిషి మీద ఒక కుర్రాడు పెట్టుకున్న నమ్మకాన్ని అద్దెకు తీసుకోవడం, అద్దె కట్టిన సంగతి దాచడం. దీనికీ నియమాలు లేకపోలేదు. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు రాసింది. 2022 జూన్ నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలోని షరతులు ఆ ప్రకటన భాషలోనే ఉండాలి. 2023 జనవరిలో వచ్చిన సూచనల ప్రకారం వీడియో అయితే డబ్బు తీసుకున్న విషయం తెర మీద కనపడాలి, నోటితోనూ చెప్పాలి. మన తెలుగు రీల్స్‌లో ఎన్నింటిలో ఆ మాట తెలుగులో, నోటితో వినపడుతోందో ఈ రాత్రి మీరే చూడండి. పది నిమిషాలు కమ్మటి తెలుగులో మాట్లాడి, కింద మూలన ఇంగ్లిష్‌లో 'కొలాబ్' అని ఒక్క ముక్క పెట్టడం చెప్పినట్టు కాదు.

నమ్మకం అద్దెకు తీసుకోవడం తారలతో ఆగలేదు. 'నా కోడ్ వాడు, నీకు వంద, నాకు వంద' అన్న రిఫరల్ పద్ధతి ప్రతి స్నేహితుణ్నీ కమీషన్ ఏజెంటును చేసింది. కాలేజీల్లో 'క్యాంపస్ అంబాసిడర్' అంటూ ఒక సర్టిఫికెట్టు, నాలుగు కూపన్లు చేతిలో పెట్టి, జూనియర్ల వాట్సాప్ గ్రూపుల్లోకి కంపెనీని మోసుకెళ్లే పని చేయిస్తున్నారు. ఇదే పని జీతం ఇచ్చి సేల్స్‌మన్ చేత చేయిస్తే ఆ మనిషి సేల్స్‌మన్ అని అందరికీ తెలుస్తుంది, పిల్లలు జాగ్రత్తపడతారు. ఫస్టియర్ కుర్రాడికి సీనియర్ చెప్పిన మాటలో ఎంత స్నేహముందో, ఎంత కమీషనుందో విడదీసుకునే అవకాశం లేకుండా పోయింది. దీనికి 'కమ్యూనిటీ మార్కెటింగ్' అని పేరు పెట్టి తరగతుల్లో గొప్పగా చెబుతున్నారు. నాకిది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే సంగతి.

చిన్న వ్యాపారుల మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2023లో జీఐ గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు ఇవాళ అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అందుతున్నాయంటే అందులో వాట్సాప్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ వాటా ఉంది. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఆడవాళ్లకు షాపు అద్దె, అడ్వాన్సు తప్పాయి. మగ్గం మీది చీరను నేతగాడే ఫొటో తీసి అమ్ముకోగలుగుతున్నాడు. ఆ దారిని మూసెయ్యమని ఎవరంటారు? నా గొడవ ఆ దారిలో పాతుకుపోయిన చాటు అలవాట్లతో. చీర ఫొటో పెట్టి 'ప్రైస్ ఇన్‌బాక్స్' అంటారు. ధర అడిగినవాళ్ల ప్రొఫైలు చూసి చెప్పే వీలు అక్కడే పుడుతుంది. అమ్మకానికి పెట్టిన వస్తువు మొత్తం ధర కనపడేలా ఉంచాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. లైవ్‌లో 'సింగిల్ పీస్, ముందు స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లకే' అని తొందరపెడతారు. సరుకు చేతికొచ్చాక చిరుగుందంటే 'అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రిటర్న్ లేదు' అంటారు. అంటే కొన్న పిల్లే తాను దొంగ కాదని వీడియో తీసి రుజువు చేసుకోవాలి. చిన్న వ్యాపారికి ఇవి అవసరాలు కావు. పెద్ద యాప్‌లను చూసి అంటించుకున్న జబ్బులు.

ఇక పిల్లల్ని అదుపులో పెట్టుకోవాల్సింది తల్లిదండ్రులే అన్న మాట. తల్లిదండ్రులకు ఆ ఆఫరే కనపడదు. రోడ్డు మీద బ్యానరయితే నాన్న చూసి "అదంతా ఉత్తిదేరా" అనగలిగేవాడు. కొడుకు ఫోన్‌లో, కొడుకు పేరుతో, కొడుకు వెతికిన వస్తువు మీద వచ్చే కూపన్ గురించి ఆయన ఏం చెప్పగలడు? ఈ మాట అనేవాళ్లు తమ మాయను ఇంటి పెద్దకు కనపడకుండా దాచి, కాపలా మాత్రం ఆయన్నే కాయమంటున్నారు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 9వ సెక్షన్ 18 ఏళ్లలోపు పిల్లల కదలికలను వెంటాడటాన్ని, వాళ్ల మీద గురిపెట్టి ప్రకటనలు వెయ్యడాన్ని నిషేధించింది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. యూరప్‌లో మైనర్ల సమాచారం ఆధారంగా ప్రకటనలు గురిపెట్టడం మీద నిషేధం ఇప్పటికే నడుస్తోంది. మన చట్టం మంచిదే, కానీ మా అక్క కొడుకుకు పందొమ్మిదేళ్లు. పద్దెనిమిదో పుట్టినరోజు దాటిన మర్నాడే ఏ కుర్రాడికీ కొత్త రక్షణ కవచం మొలవదు. కాబట్టి వయసు గీతతో పాటు ఇంకొకటి కావాలి. యాప్ ఎవరికిచ్చిన తగ్గింపయినా, ఏ షరతు మీద ఇచ్చిందో ఎవరైనా చూడగలిగే పేజీలో పెట్టాలి. గడువు అని రాస్తే ఆ గడువుకు ఆఫర్ నిజంగా ముగియాలి. కొట్టేసి చూపించే పాత ధరకు ఆ వస్తువును ఫలానా తేదీ దాకా అమ్మామని రుజువుండాలి. తెలుగులో అమ్మేవాడు డబ్బు తీసుకున్నానని తెలుగులోనే, నోటితోనే చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ప్రచారం చేసిన తారను ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల పాటు ప్రకటనలకు దూరంగా ఉంచవచ్చు. ఆ అధికారాన్ని తెలుగు రీల్స్ మీద వాడమని మన రెండు రాష్ట్రాల పౌరసరఫరాల మంత్రులు కేంద్రాన్ని అడగాలి.

ఈలోగా కాలేజీల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చుని, ఒకే వస్తువును మీ మీ ఫోన్లలో తెరిచి ధరలు పోల్చుకోండి. సున్నాకొచ్చిన టైమర్ మళ్లీ మొదలైతే స్క్రీన్ రికార్డు చెయ్యండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారు. ఆ రికార్డును మీ క్లాసు గ్రూపులో కూడా పెట్టండి, మీ జూనియర్లు చూస్తారు.